తెలుగు టీవీ పెరిగింది, మన జిల్లా టీవీ ఏది?

2024 ఏప్రిల్ 5న శాంతిస్వరూప్ గారు కన్నుమూసినప్పుడు వచ్చిన నివాళులు చాలావరకు ఒకే తేదీతో మొదలయ్యాయి: 1983 నవంబరు 14. హైదరాబాద్ దూరదర్శన్‌లో ఆయన తొలిసారి తెలుగు వార్తలు చదివిన రోజది. ప్రాంప్టర్ లేని కాలంలో వార్తలను ముందే కంఠతా పట్టి, ఎదురుగా కూర్చున్న మనిషికి చెబుతున్నట్టు చెప్పేవారు. గొంతు పెంచేవారు కాదు, తడబడేవారు కాదు. ఆ వార్తలు వింటూ పెరిగిన తరం మాది. ఆ నివాళులు చదువుతుంటే నాకూ మనసు భారమైంది. అయితే వాటిలో చాలా వ్యాసాల చివర ఒక తృప్తి కనిపించింది. ఒక్క చానల్‌తో మొదలై ఇన్ని చానళ్ళయ్యాం, మన రాష్ట్రానికి మన టీవీ వచ్చింది, అని. ఆ మాట దగ్గరే నాకు అభ్యంతరం.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. తెలుగులో టీవీ అపారంగా పెరిగింది. స్థానిక టీవీ పెరగలేదు. ఢిల్లీ నుంచి హిందీ వచ్చే చోట హైదరాబాద్ నుంచి తెలుగు రావడం మొదలవగానే, కావలసింది దొరికిందనుకుని మనం అడగడం మానేశాం. ఇప్పటికీ శ్రీకాకుళంలోనో ఆదిలాబాద్‌లోనో ఉన్న మనిషి తన జిల్లాను టీవీలో చూసుకోవాలంటే అక్కడ ఘోరమైనా జరగాలి, పెద్ద నాయకుడైనా రావాలి. మామూలు మంగళవారం నాడు ఆ జిల్లాలో ఏం జరిగిందో చెప్పే తెర లేదు. ఇది ఎవరికీ లోటుగా తోచకపోవడమే నాకు ఎక్కువ బాధ కలిగిస్తుంది.

తెర ముందు పల్లెకే వచ్చింది

తెలుగు టీవీ చరిత్ర 1983తో మొదలు కాలేదు. 1977లో హైదరాబాద్ కేంద్రం తెరిచినప్పుడూ కాదు. 1975 ఆగస్టు 1న మొదలైంది. అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాది పాటు వాడుకుని ఇస్రో, ఆకాశవాణి కలిసి నడిపిన 'సైట్' ప్రయోగంలో ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 పల్లెలకు టీవీ సెట్లు ఇచ్చారు. అందులో ఆంధ్రప్రదేశ్ ఒకటి. హైదరాబాద్ నగరంలో మామూలు ఇంట్లో టీవీ లేని రోజుల్లో పాలమూరు పల్లెలో బడి ముందు జనం టీవీ చూశారు. ఈ సంగతి మన ఇళ్ళలో ఎంతమంది పిల్లలకు తెలుసు?

నాతో కలిసి పనిచేసి రిటైరైన ఒక పెద్దాయనది మహబూబ్‌నగర్ జిల్లా. అప్పటికి ఆయన హైస్కూలు పిల్లవాడు. బడి ఆవరణలో కోళ్ళ గూటికి వాడే ఇనుప వలలాంటి దానితో చేసిన పెద్ద గొడుగు, దాని కింద చెక్క తలుపులున్న పెట్టెలో టీవీ. చీకటి పడేవేళకు ఎవరి చాప వాళ్ళు తెచ్చుకునేవారట. పంటలు, పశువులు, పిల్లల ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, మధ్యలో ఆట, పాట. పొద్దున పూట బడి పిల్లలకు వేరే కార్యక్రమాలు.

ఆయన చెప్పిన వాటిలో ఒకటి నా మనసులో నిలిచిపోయింది. ఆ ఉపగ్రహంలో బొమ్మకు ఒకే మార్గం, మాటకు రెండు మార్గాలు. అందుకని ఒకే బొమ్మ మీద తెలుగు పల్లెలకు తెలుగు, కన్నడ పల్లెలకు కన్నడ వినిపించేవారు. తెర మీది రైతు పెదవుల కదలిక ఒకటి, చెవికి వచ్చే మాట ఇంకొకటి. ఊరి పెద్దలు ఆ రైతు తలపాగా చుట్టిన తీరు, పొలం గట్టు, ఎద్దుల కొమ్ములు చూసి "ఈయన మనవాడు కాదు, ఎక్కడివాడో" అని తేల్చేసేవారట. తెలుగు స్పష్టంగానే వినబడుతోంది. అయినా ఆ తెర తమ నేలది కాదని వాళ్ళు అక్కడికక్కడే గుర్తుపట్టారు. టీవీని మొదటిసారి చూస్తున్న రైతులకు తెలిసిన ఈ తేడా, తర్వాత చానళ్ళు పెట్టిన చదువుకున్నవాళ్ళకు ఎందుకు పట్టలేదు అన్నదే నా ప్రశ్న.

సైట్‌ను ఆకాశానికి ఎత్తే ఉద్దేశం నాకు లేదు. అది ఎమర్జెన్సీ కాలం. ప్రభుత్వం ఏం చెప్పదలచుకుందో అదే తెర మీదికి వచ్చేది, జనం నుంచి జవాబు వెళ్ళే దారి లేదు. ఏడాది ముగిసి 1976 జులై 31న ప్రసారం ఆగిపోయాక ఎన్నో ఊళ్ళలో ఆ పెట్టెలు మూగబోయాయి. కానీ ఒక్క విషయంలో ఆ ప్రయోగానికి సాటి తర్వాత రాలేదు. పరిశోధకులను ఊళ్ళలోనే ఉంచి, ఎవరు చూస్తున్నారు, ఏమర్థమైంది, ఏది నచ్చలేదు అని అడిగి రాయించారు. ఆ తర్వాత ఏ చానలైనా మన ఊరికి మనిషిని పంపి, రేటింగు కోసం కాకుండా, మీకేం కావాలి అని అడిగిందా?

దివిసీమ, హైదరాబాద్

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలైంది. అప్పటి రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి ప్రారంభించారు. నెల తిరగకముందే, నవంబరు 19న, దివిసీమ ఉప్పెన. పది వేలకు పైగా ప్రాణాలు పోయాయి. రాష్ట్రానికి టీవీ అప్పటికే వచ్చింది, దాని వెలుగు మాత్రం హైదరాబాద్ చుట్టుపక్కలే. తుపాను కబురైనా, ఆ తర్వాతి శవాల లెక్కయినా కృష్ణా జిల్లా జనానికి చేరింది రేడియో ద్వారా, పత్రికల ద్వారా. అప్పటి సాంకేతిక స్థితికి అంతకు మించి వీలు కాదు, అందుకు ఎవరినీ తప్పుపట్టను. కానీ అదే జిల్లా ప్రాంతం 47 ఏళ్ళ తర్వాత మళ్ళీ మునిగినప్పుడు ఏమైందన్నది కాసేపట్లో చెబుతాను. అప్పుడు సాంకేతికత కొరత అనే సాకు లేదు.

ఎనభైల్లో ట్రాన్స్‌మిటర్లు వరసగా వచ్చాయి. మా నరసరావుపేటలో మేం యాంటెన్నాను కొండపల్లి కొండ వైపు తిప్పుకునేవాళ్ళం. ఊరూరా లేచిన ఆ చిన్న టవర్లకు సొంతంగా ఒక్క నిమిషం కార్యక్రమం చేసే శక్తి లేదు. పైనుంచి వచ్చినదాన్ని పట్టి మళ్ళీ వదలడమే వాటి పని. సాయంత్రం పూట హైదరాబాద్ వంతు, ఆ తర్వాత ఢిల్లీ. శుక్రవారం చిత్రలహరి కోసం వీధి వీధంతా ఒకే ఇంట్లో కూర్చోవడం ఆ తరానికి చెప్పనక్కరలేదు.

ఇంకో కాలక్రమం గమనించండి. ఎన్టీ రామారావు పార్టీ పెట్టి, ఊరూరా తిరిగి, అధికారంలోకి వచ్చినది 1983 జనవరిలో. దూరదర్శన్‌లో తెలుగు వార్తలు మొదలైనది అదే ఏడాది నవంబరులో. తెలుగు రాజకీయాలను తలకిందులు చేసిన ఎన్నికలు తెలుగు టీవీ వార్తలు లేకుండానే జరిగిపోయాయి. జిల్లాల మాట జిల్లాల్లోనే పుట్టి, పత్రికల ద్వారా, చైతన్య రథం ద్వారా పాకింది. మన పత్రికలకు జిల్లా అంటే ఎంత విలువో ఆ రోజుల్లోనే తెలిసింది. జిల్లా పేజీలతోనే అవి పెరిగాయి. ఆకాశవాణికీ తెలిసింది. మార్కాపురం, కొత్తగూడెం, ఆదిలాబాద్, నిజామాబాద్, కర్నూలు, అనంతపురం వంటి చోట్ల దానికి కేంద్రాలున్నాయి. టీవీ ఒక్కటే ఆ పాఠం చదవలేదు.

1995 తర్వాత మారినదేమిటి

1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. 2003 చివర్లో ఈటీవీ2, 2004లో టీవీ9 వచ్చాక ఇరవై నాలుగు గంటల వార్తలు అలవాటయ్యాయి. 2007 నుంచి ఐదారేళ్ళలో వచ్చిన వార్తా చానళ్ళ పేర్లు మీకు తెలిసినవే.

ఈ చానళ్ళు చేసిన మేలు చిన్నది కాదు. ఎమ్మార్వో ఆఫీసులో లంచం అడిగేవాడికి మొదటిసారి కెమెరా అంటే భయం పుట్టింది. తెల్లవారుజామున రైతు కార్యక్రమం పెట్టి ఏళ్ళ తరబడి నడిపినవాళ్ళున్నారు. అందులో ఏదో ఒక మండలంలోని ఎకరం పొలం కథ పూర్తిగా చెప్పేవారు. 2012లో మొదలైన వీ6 తెలంగాణ మాటతోనే వార్తలు చెప్పి జనాన్ని కూర్చోబెట్టింది. అంతకుముందు ఆ మాట టీవీలోనూ సినిమాలోనూ ఎక్కువగా నవ్వించడానికే ఉండేది. తీన్మార్ వార్తలు దానిని యాంకర్ కుర్చీలో కూర్చోబెట్టాయి. నా వాదనకు అందరూ చూపే పెద్ద ప్రతివాదం ఇదే: స్థానికత రాలేదంటావు, మరి ఇదేమిటి?

బలమైన ప్రతివాదమే. నేను దీన్ని చాలాసార్లు ఆలోచించాను. యాస రావడం నిజంగా గొప్ప విషయం. పైగా మనిషి తన మాట విన్నప్పుడు తెర ముందు నుంచి లేవడని వ్యాపార లెక్కల్లోనే రుజువైంది. అయితే అది కూడా హైదరాబాద్ స్టూడియోనే. పాలమూరు మాట వినిపించింది సరే, పాలమూరులో ఈ వారం ఏ చెరువు కట్ట తెగేలా ఉందన్నది వినిపించిందా? ఉత్తరాంధ్ర మాటకైతే ఇప్పటికీ ఆ కుర్చీ కూడా దక్కలేదు.

ఎందుకు ఇలా అయింది అంటే, పెట్టుబడి ఒక కారణం, లెక్క ఇంకో కారణం. చానల్ బతికేది ప్రకటన మీద, ప్రకటన వచ్చేది రేటింగు మీద. ఆ రేటింగు పెట్టెలు చాలాకాలం పట్టణాల్లోనే ఉన్నాయి. 2015లో రేటింగులు కొలిచే సంస్థ బార్క్ లెక్కల్లోకి పల్లెలు వచ్చేదాకా పల్లె ప్రేక్షకుడు చూసినా చూడనట్టే లెక్క. లెక్కలోకి రాని మనిషి కోసం కెమెరా పంపి డీజిలు ఖర్చు పెట్టేదెవరు? లైవ్ వ్యాను జిల్లాకు వచ్చిందంటే ముఖ్యమంత్రి సభైనా ఉండాలి, పెద్ద ప్రమాదమైనా జరగాలి.

రాష్ట్రం విడిపోయాక ఇది ఇంకా విచిత్రమైంది. ఆంధ్రప్రదేశ్ వార్తలు చెప్పే ప్రధాన చానళ్ళ స్టూడియోలు వేరే రాష్ట్ర రాజధానిలో ఉండిపోయాయి. అమరావతి గురించి జూబ్లీహిల్స్‌లో కూర్చుని చర్చిస్తారు. ఆ చర్చకు వచ్చే నలుగురూ హైదరాబాద్ వాళ్ళే, ఎందుకంటే సాయంత్రం ఏడు గంటలకు స్టూడియోకు చేరగలిగేది వాళ్ళే.

ఇక జిల్లాల్లో ఈ చానళ్ళకు ఉన్నది ఎవరు? మా ఊళ్ళో నాకు బాగా తెలిసిన ఒక కుర్రవాడు ఒక చానల్‌కు పనిచేసేవాడు. పేరుకు కంట్రిబ్యూటర్. చేతిలో లోగో ఉన్న మైకు, సొంత కెమెరా, సొంత బైకు. మొదట్లో ప్రసారమైన వార్తకు ఇంత అని ఇచ్చేవారు. కొన్నాళ్ళకు అదీ ఆపేసి, ఆగస్టు 15కు, సంక్రాంతికి, నాయకుల పుట్టినరోజులకు ప్రకటనలు తెమ్మన్నారు. తెస్తే అందులో వాటా. ఊరి కాలువ కింద చివరి పొలాలకు నీరందడం లేదని అతను చక్కగా తీసిన వార్త హైదరాబాద్ వెళ్ళి ఆగిపోయింది. "ఇందులో విజువల్ ఏముంది, ఎండిన పొలమేగా" అన్నారట డెస్క్‌లో. సాగర్ కుడి కాలువ చివరి భూముల రైతుకు ఆ ఎండిన పొలమే ఆ ఏటి బతుకు. ఎవరి మీద వార్త రాయాలో వాళ్ళ దగ్గరే ప్రకటన అడుక్కోవలసిన విలేకరి నుంచి మనం నిర్భయత్వం ఆశించడం అన్యాయం. అతను ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం నడుపుకుంటున్నాడు.

మా ఊరి కేబుల్ చానల్

స్థానిక టీవీ అంటే ఏమిటో నేను నిజంగా చూసింది మా ఊరి కేబుల్ చానల్‌లో. తొంభైల చివర, రెండు వేల తొలి దశకం. కేబుల్ ఆపరేటర్ కంట్రోల్ రూంలోనే చిన్న గది, వెనక నీలి తెర, ఒక బల్ల. రాత్రి వార్తలు చదివేది రిటైరైన తెలుగు లెక్చరర్. పావుగంట వార్తల్లో రేపు బరంపేటకు నీళ్ళు ఏ వేళకు వస్తాయో, ఏ ఫీడరులో కరెంటు ఎంతసేపు తీస్తారో, ఏ బళ్ళో పదో తరగతి హాల్ టిక్కెట్లు ఇస్తున్నారో, ప్రభుత్వాసుపత్రికి కొత్తగా వచ్చిన పిల్లల డాక్టరు ఏయే రోజుల్లో కూర్చుంటారో ఉండేది. కింద స్క్రోలింగులో పోయిన పర్సులు, తప్పిపోయిన పిల్లలు, దొరికిన బర్రెదూడ. గుంటూరు యార్డులో ఆ రోజు మిర్చి ధర రకాలవారీగా వేసేవారు. ఊరి రైతులు కొందరు అది చూశాకే మర్నాడు బస్తాలు లారీకెక్కించాలా వద్దా అని తేల్చుకునేవారు.

మహాశివరాత్రి రాత్రి ఆ చానల్‌ను చూడాలి. కోటప్పకొండ తిరునాళ్ళకు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి విద్యుత్ ప్రభలు, అంటే దీపాలతో అలంకరించిన 80, 90 అడుగుల ఎత్తు చట్రాలు, కదులుతాయి. ఒక కెమెరా కొండ దిగువన, ఇంకొకటి దారిలో. కావూరు ప్రభ ఎక్కడి దాకా వచ్చింది, పురుషోత్తమపట్నం ప్రభ ఏ మలుపు దగ్గర ఆగింది, దారిలో కరెంటు తీగలు ఎక్కడ ఎత్తి పట్టుకున్నారు అన్నది రాత్రంతా చెప్పేవారు. కొండకు వెళ్ళలేని మా నాయనమ్మ తెల్లవార్లూ మేలుకుని చూసేది. తను పుట్టిన ఊరి ప్రభ తెర మీదికి రాగానే చేతులు జోడించేది. అదే తిరునాళ్ళు పెద్ద చానల్‌లో అరనిమిషం వచ్చేది. ఫలానా మంత్రి త్రికోటేశ్వరస్వామిని దర్శించుకున్నారు, అంతే.

ఇందులోని చీకటి కోణం నాకు తెలియనిది కాదు. చాలా ఊళ్ళలో కేబుల్ ఆపరేటరే స్థానిక నాయకుడి మనిషి. కొత్త సినిమా విడుదలైన వారానికే దొంగ కాపీ వేసిన చానళ్ళున్నాయి. కేబుల్ తీగల కోసం కొట్టుకుని కేసుల దాకా పోయిన ఊళ్ళున్నాయి. మునిసిపల్ ఎన్నికలప్పుడు మా చానల్‌లో ఒక పక్షం అభ్యర్థులే కనిపించేవారు. తీగ ఎవరి చేతిలో ఉంటే తెర వారిది. ఇది చిన్న ఊళ్ళకే పరిమితమైన రోగమూ కాదు. 2014 జూన్‌లో తెలంగాణలో టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి కేబుల్ తెర మీద నుంచి మాయమయ్యాయి. 2024 జూన్‌లో ప్రభుత్వం మారిన వెంటనే ఆంధ్రప్రదేశ్‌లో ఇంకొన్ని చానళ్ళ వంతు వచ్చింది. తీగ పెద్దదైతే మూసేసే చెయ్యి కూడా పెద్దదవుతుంది.

మా చానల్‌ను చంపింది మాత్రం రాజకీయం కాదు, డిజిటల్ కేబుల్. పాత పద్ధతిలో ఆపరేటర్ తన గదిలోనే ఒక మాడ్యులేటర్ పెట్టి ఊరి చానల్‌ను మిగతా వాటితో కలిపేసేవాడు. సెట్‌టాప్ బాక్సులు వచ్చాక సిగ్నల్ అంతా ఎక్కడో నగరంలో ఉన్న ఎమ్మెస్వో (ఆపరేటర్లకు చానళ్ళు అందించే పెద్ద కేబుల్ సంస్థ) కంట్రోల్ రూంలో తయారై, తాళం వేసుకుని వస్తుంది. దాంట్లో ఊరి చానల్ కలపాలంటే ఆ సంస్థకు నెల నెలా కట్టాలి. ప్రకటనలిచ్చే బట్టల కొట్లు, నగల కొట్లు అప్పటికే ఫోన్ల వైపు తిరిగాయి. లెక్చరర్ గారు వార్తలు మానేశారు, ఆ తర్వాత చానల్ ఆగిపోయింది.

2022 నవంబరు చివర్లో కేంద్ర సమాచార ప్రసార శాఖ ఇలాంటి చానళ్ళకు మార్గదర్శకాలు విడుదల చేసింది. ప్లాట్‌ఫాం సేవలు అని పేరు పెట్టారు. చానల్‌కు నమోదు రుసుము వెయ్యి రూపాయలు. ఎమ్మెస్వో మోసే మొత్తం చానళ్ళలో ఇవి 5 శాతం మించకూడదు. కావలసిన చట్రమే. పదిహేనేళ్ళ ముందు వచ్చి, ఊళ్ళోని ఆపరేటర్‌కు, మహిళా సంఘాలకు, కాలేజీలకు అవకాశం ఇచ్చి ఉంటే మన కథ వేరుగా ఉండేది. ఇప్పుడు అది ఎక్కువగా ఉపయోగపడేది పెద్ద కేబుల్ సంస్థల సొంత సినిమా చానళ్ళకు.

సింగ్‌నగర్‌లో నీళ్ళు

2024 సెప్టెంబరు 1. బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగాయి. మా పిన్నివాళ్ళు సింగ్‌నగర్‌లో మొదటి అంతస్తులో చిక్కుకుపోయారు. హైదరాబాద్‌లో మేం టీవీ ముందు కూర్చుని చానల్ తర్వాత చానల్ తిప్పాం. ప్రకాశం బ్యారేజీ మీద కెమెరాలు. 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం, చరిత్రలో ఎన్నడూ రానంత. అది చూపించవలసిందే. కానీ మాకు కావలసింది పైపుల రోడ్డులో నీరు ఎంత ఎత్తు ఉంది, పడవలు ఏ వీధి దాకా వెళుతున్నాయి, ఫ్లైఓవర్ దగ్గర ఎవరిని అడగాలి, డ్రోను వేసే ఆహార పొట్లాలు ఏ మేడల మీద పడుతున్నాయి అన్నది. ఇన్ని చానళ్ళలో ఒక్కటి కూడా వీధి పేరుతో సమాచారం చెప్పడం మాకు కనబడలేదు. మా తమ్ముడి ఫోన్ చార్జింగు అయిపోయే ముందు వచ్చిన ఒక్క సందేశమే మాకు ఆధారం: "పడవ పక్క సందు దాకా వచ్చింది. మంచినీళ్ళు లేవు." ఆ తర్వాత చాలాసేపు ఏమీ తెలియలేదు. చివరికి వాళ్ళను బయటికి తెచ్చింది ఆ వీధి కుర్రాళ్ళే.

ఇందులో విలేకరులను నిందించడం నా ఉద్దేశం కాదు. గుండెల దాకా నీళ్ళలో దిగి మైకు పట్టుకున్నవాళ్ళను చూశాను. కానీ వాళ్ళు మాట్లాడుతున్నది హైదరాబాద్‌లోని యాంకర్‌తో. ఆ యాంకర్‌కు సింగ్‌నగర్ వీధులు తెలియవు, తెలిసినా రెండు రాష్ట్రాల ప్రేక్షకుల ముందు ఒక వీధి పేరు చెప్పడం అనవసరమనిపిస్తుంది. తర్వాత చాలా రోజులు చానళ్ళను ఆక్రమించింది బ్యారేజీ గేట్లకు కొట్టుకొచ్చిన పడవలు ఏ పార్టీవి అన్న గొడవ. సింగ్‌నగర్‌లో ఒండ్రు ఎవరు ఎత్తుతారు, తడిసిన రేషన్ కార్డులకు ఎక్కడికి వెళ్ళాలి అన్నవి అందులో కొట్టుకుపోయాయి.

ఒక సందేహం మీకు ఈపాటికే వచ్చి ఉంటుంది. కరెంటు పోయిన ఇంట్లో టీవీ ఎలా చూస్తారు? మునిగిన ఇంట్లోవాళ్ళు చూడలేరు, నిజమే. కానీ వాళ్ళ కోసం తల్లడిల్లే బంధువులు చూస్తారు, అన్నం వండి పంపాలనుకునే పక్క పేటవాళ్ళు చూస్తారు, కంట్రోల్ రూంలో కూర్చున్న అధికారులు చూస్తారు. దివిసీమ నాడు తెర అక్కడిదాకా చేరలేదు. ఇప్పుడు ప్రతి ఇంటికీ చేరింది, చెప్పవలసినది చెప్పలేదు.

ఫోన్ ఉందిగా అంటే

ఈ విషయం మాట్లాడినప్పుడల్లా మిత్రులు అనే మాట ఒకటి. ఇప్పుడు మండలానికి నాలుగు యూట్యూబ్ చానళ్ళున్నాయి, టీవీని పట్టుకుని ఏడవడం దేనికి? ఈ మాటలో బలం ఉంది. మా ఊరి ప్రభలు ఇప్పుడు ఫోన్‌లో లైవ్‌గా వస్తున్నాయి, అమెరికాలో ఉన్న మా ఊరి పిల్లలు కూడా చూస్తున్నారు. కాలువ చివరి పొలాల వార్త ఎవరో ఒకరు పెడుతున్నారు. వారిలో కొందరు పెద్ద చానళ్ళ విలేకరులకన్నా బాగా పనిచేస్తున్నారు.

అయినా నాకు సమాధానం దొరకలేదు. వరద వచ్చిన రోజు అదే ఫోన్‌లో పాత వీడియోలు, వేరే ఊరి వీడియోలు కొత్తవిగా తిరిగాయి. తప్పు చెబితే సరిదిద్దే బాధ్యత ఎవరికీ లేదు. లోగో చేయించుకుని క్వారీల దగ్గర, ఆసుపత్రుల దగ్గర డబ్బులు వసూలు చేసేవాళ్ళ గురించి ప్రతి పట్టణంలోనూ చెబుతారు. రోజూ ఒకే వేళకు, నమ్మదగిన గొంతుతో, జిల్లా మొత్తానికి, డబ్బు కట్టినవాడికీ కట్టనివాడికీ ఒకేలా చెప్పడం అనే బాధ్యతను మార్కెట్ తీసుకోలేదు, యూట్యూబ్ తీసుకోలేదు. తీసుకోవలసినది ప్రజల డబ్బుతో నడిచే దూరదర్శన్.

దూరదర్శనా, అని పెదవి విరుస్తారని తెలుసు. అధికారంలో ఉన్నవారి భజన అక్కడా తక్కువేమీ కాదు. 1997లో దూరదర్శన్‌కు స్వయంప్రతిపత్తి ఇచ్చే ప్రసార భారతి చట్టం అమల్లోకి వచ్చాక కూడా అది స్వతంత్రంగా నిలబడిందని నేను అనను. కానీ దాని చేతిలో ఉన్నవి చూడండి. 2014లో రెండు రాష్ట్రాలకూ విడివిడిగా సప్తగిరి, యాదగిరి చానళ్ళు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లోనే స్టూడియో ఉండి, అక్కడి నుంచే మాట్లాడే విజయవాడ కేంద్రం ఉంది. దూరదర్శన్ చానళ్ళను కేబుల్ ఆపరేటర్లు తప్పనిసరిగా చూపాలని 1995 కేబుల్ చట్టమే చెబుతోంది, కాబట్టి ఎవరూ తేలిగ్గా మాయం చేయలేరు. 2022 నాటికి పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను దాదాపు అన్నిచోట్లా ఆపేశారు. పట్టణాల్లో టవరు, గది, స్థలం ఖాళీగా పడి ఉన్నాయి. అక్కడక్కడా ఆకాశవాణి జిల్లా కేంద్రాలున్నాయి. మిర్చి ధర చెప్పగల మనిషి, తుపాను హెచ్చరికను స్థానిక మాటలో వివరించగల మనిషి వాటిలో ఇప్పటికే జీతం మీద ఉన్నారు.

నేను అడుగుతున్నది ఇరవై నాలుగు గంటల జిల్లా చానల్ కాదు. ప్రతి జిల్లాకు సాయంత్రం పావుగంట. చదివేది ఆ జిల్లాలో ఉండే మనిషి. తెర మీద ఆ జిల్లా ముఖాలు. నీళ్ళు, కరెంటు, యార్డు ధరలు, ఆసుపత్రి, బడి, కాలువ. జాతరో ఉరుసో ఉంటే ఆ రాత్రి లైవ్. వరదో తుపానో వస్తే సమయం పరిమితి లేకుండా వీధి పేర్లతో సమాచారం. పనిచేసేవారికి నెల జీతం, ప్రకటనలు తెమ్మనే షరతు లేకుండా. కలెక్టరు, స్థానిక ఎమ్మెల్యే ఇందులో వేలు పెట్టకుండా ఆ జిల్లా కాలేజీల నుంచి, రైతుల నుంచి, పాత్రికేయుల నుంచి ఒక కమిటీ. ఆ కమిటీని కూడా పార్టీలు మింగేయవా అంటే, ఆ ప్రమాదం ఉంది. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. సమావేశాలను కూడా అదే చానల్‌లో చూపించాలి అన్నంత వరకే చెప్పగలను.

అన్ని జిల్లాల్లో ఒకేసారి కుదరదంటే విజయవాడ నుంచి మొదలుపెట్టమనండి. స్టూడియో అక్కడే ఉంది, బుడమేరు అక్కడే ఉంది. కృష్ణా, ఎన్టీఆర్ జిల్లాలకు కలిపి ఒక బులెటిన్, వచ్చే నైరుతి వానలకు ముందే. సింగ్‌నగర్‌లో, అవనిగడ్డలో ఒక్కొక్క మనిషిని పెట్టి, నీరు పెరిగే రోజున ఎవరు ఎక్కడి నుంచి మాట్లాడాలో మే నెలలోనే రాసి పెట్టుకోమనండి.